కౌన్సిల్ నుంచి వచ్చే ఓటరు లేఖ, వెయ్యి పౌండ్ల హెచ్చరిక: బ్రిటన్‌లోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జులై, ఆగస్టు నెలలు వచ్చేసరికి బ్రిటన్‌లోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫొటో తిరుగుతుంటుంది. కౌన్సిల్ (అంటే మన మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థ) పంపిన ఒక లేఖ, అందులో జవాబు ఇవ్వకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చన్న వాక్యం, ఆ వాక్యం చుట్టూ ఎవరో గీసిన ఎర్ర సున్నా. దాని కింద "అన్నా, ఇది నిజమేనా, మోసమా?" అని ఒకరు, "మనం ఇండియా వాళ్లం కదా, మనకెందుకు?" అని ఇంకొకరు, "పడేయండి, ఏమీ కాదు" అని మూడో మనిషి. ఈ ముగ్గురిలో పూర్తిగా ఒప్పయినవారు ఎవరూ లేరు. ఆ లేఖ గురించి పదే పదే వచ్చే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఇస్తున్నాను. ఇవి ప్రధానంగా ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లాండ్‌లో పద్ధతి వేరు, అక్కడ ఇంటింటి విచారణ ఏటా జరగదు.

ఈ లేఖ ఏమిటి? ఎవరు పంపుతారు?

ప్రతి ప్రాంతానికీ ఓటరు జాబితా బాధ్యత చూసే ఎలక్టోరల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్ ఒకరు ఉంటారు. తన పరిధిలోని ప్రతి ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో ఏటా కనుక్కోవడం ఆ అధికారి చట్టపరమైన విధి. ఈ వార్షిక విచారణ వేసవిలో మొదలై శరదృతువంతా సాగుతుంది, సవరించిన జాబితా మామూలుగా డిసెంబర్ 1 నాటికి వెలువడుతుంది. మన ఊళ్లలో బూత్ లెవెల్ అధికారి పుస్తకం పట్టుకుని గడప గడపకూ వస్తే, ఇక్కడ ముందు లేఖ వస్తుంది, దానికి పలకకపోతే మనిషి వస్తారు. పని మాత్రం ఒకటే.

మేం భారత పౌరులం, వీసా మీద వచ్చాం. మాకు ఇక్కడ ఓటేమిటి?

ఓటు ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు పార్లమెంటు ఎన్నికలతో సహా అన్ని ఎన్నికల్లోనూ ఓటు హక్కు ఉంది, భారత్ కామన్వెల్త్ దేశం. చదువు వీసా మీద వచ్చిన విద్యార్థి అయినా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన ఇంజనీరు అయినా, వారి మీద ఆధారపడి వచ్చిన జీవిత భాగస్వామి అయినా, వయసు చాలితే అర్హులే. సామ్రాజ్యంలోని ప్రజలందరినీ ఒకే రాజు ప్రజలుగా లెక్కగట్టిన రోజుల నుంచి మిగిలిపోయిన హక్కు ఇది. పక్క గదిలో ఉండే జర్మన్ సహోద్యోగికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు, నిరుడు సెప్టెంబర్‌లో దిగిన మన విద్యార్థికి ఉంది. అందుచేత "మేం విదేశీయులం, మాకు వర్తించదు" అని లేఖను పక్కన పెట్టడం తప్పు.

ఓటు వేయడం తప్పనిసరి కాని దేశంలో ఈ జరిమానా ఏమిటి?

కోపం ఎక్కువగా ఇక్కడే వస్తుంది, వాదనలో కొంత న్యాయం కూడా ఉంది. ఓటు వేయాలా వద్దా అన్నది నా ఇష్టమైనప్పుడు, ఓటరుగా పేరు ఇవ్వమని బెదిరించడమేమిటని అడుగుతారు. ఆస్ట్రేలియాలో ఈ ప్రశ్నే తలెత్తదు. అక్కడ పౌరులు పేరు నమోదు చేసుకోవడం 1911 చట్టంతోనే తప్పనిసరి అయింది, 1924 నుంచి జాతీయ ఎన్నికల్లో ఓటు వేయడమూ తప్పనిసరి, సరైన కారణం లేకుండా మానేస్తే మొదట 20 డాలర్ల జరిమానా. బ్రిటన్ అటు పూర్తిగా వెళ్లలేదు, ఇటు పూర్తిగా వదిలిపెట్టనూ లేదు. ఇక్కడి చట్టం శిక్షించేది ఓటు వేయకపోవడాన్ని కాదు, అధికారి అడిగినప్పుడు పలకకపోవడాన్ని. జాబితా కేవలం పోలింగ్ కోసం కాదని, జ్యూరీ (కోర్టు కేసుల్లో తీర్పు చెప్పే మామూలు జనం బృందం) ఎంపికకూ నియోజకవర్గాల హద్దుల నిర్ణయానికీ అదే ఆధారమని, కాబట్టి అది పూర్తిగా ఉండటం సమాజం మొత్తానికీ అవసరమని ప్రభుత్వం వైపు వాదన. ఆ వాదన నాకు సమంజసంగానే తోస్తుంది. అయితే దాన్ని లేఖలో రెండు మంచి మాటలతో చెప్పకుండా జరిమానా అంకెతో చెప్పడం వల్ల, సహకరించాలనుకున్నవాడికి కూడా ముందు చిరాకే కలుగుతోంది.

జరిమానా వెయ్యి పౌండ్లా, ఎనభై పౌండ్లా? రెండూ విన్నాం.

రెండూ ఉన్నాయి, కానీ అవి వేర్వేరు తప్పులకు.

మొదటిది ఇంటికి వచ్చే విచారణ ఫామ్‌కు జవాబు ఇవ్వకపోవడం. ఇది నేరం కిందికి వస్తుంది, కోర్టులో రుజువైతే వెయ్యి పౌండ్ల వరకు జరిమానా వేయవచ్చు. "వరకు" అన్న మాటను గమనించాలి, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆచరణలో కోర్టు దాకా వెళ్లే కేసులు చాలా అరుదు. అధికారికి కావలసింది సమాచారమే గాని మీ డబ్బు కాదు.

రెండోది వ్యక్తిగతంగా నమోదు చేసుకోకపోవడం. మీరు అర్హులని తెలిసినప్పుడు నమోదు చేసుకోమని మీ పేరు మీద ఆహ్వాన లేఖ వస్తుంది. దానికి స్పందించకపోతే గుర్తుచేసే లేఖలు, ఆ తరువాత ఇంటికి మనిషి రావడం, అప్పటికీ ఫలితం లేకపోతే ఫలానా తేదీలోగా దరఖాస్తు చేయాల్సిందేనన్న నోటీసు. ఇవన్నీ దాటిన తరువాతే 80 పౌండ్ల సివిల్ పెనాల్టీ వస్తుంది. పార్కింగ్ టికెట్ వంటిది, నేర చరిత్ర కిందికి రాదు. దాన్ని పునఃపరిశీలించమని అడగవచ్చు, ట్రైబ్యునల్‌కు అప్పీలు కూడా చేసుకోవచ్చు.

ఈ రెండింటికన్నా బరువైనది ఇంకొకటి ఉంది. తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే జైలు శిక్ష దాకా వెళ్లవచ్చు. లేఖ బెడద వదిలించుకోవడానికి "ఇంట్లో ఎవరూ లేరు" అని ఆన్‌లైన్‌లో నొక్కేసేవాళ్లున్నారు. తిరుగు జవాబు ఇవ్వనివాడికన్నా వారే ఎక్కువ ప్రమాదంలో పడుతున్నారు.

ఫామ్ నింపి పంపేశాం. అయినా మళ్లీ ఒక్కొక్కరికీ ఇంకో లేఖ వచ్చింది. ఎందుకు?

నాకు తెలిసినంతలో జనానికి అన్నిటికన్నా విసుగు పుట్టించే సంగతి ఇదే. ఇంటి ఫామ్‌లో మీ పేరు రాసినంత మాత్రాన మీరు ఓటరుగా నమోదైనట్లు కాదు. ఆ ఫామ్ "ఈ ఇంట్లో ఎవరున్నారు" అని అడుగుతుందే తప్ప "నన్ను ఓటరుగా చేర్చండి" అనే దరఖాస్తు కాదు. దరఖాస్తు ఎవరికి వారే, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్ను, సామాజిక భద్రత లెక్కల కోసం ప్రభుత్వం ఇచ్చేది), జాతీయత ఇచ్చి చేసుకోవాలి.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఇంటి పెద్ద ఒక్కరే అందరి పేర్లూ రాసి సంతకం పెడితే సరిపోయేది. తండ్రో, భర్తో, చివరికి ఇల్లు అద్దెకిచ్చినవాడో ఇంకొకరి ఓటును చేతిలో పెట్టుకోవడం సరికాదని, దొంగ పేర్లు చేరే అవకాశం ఉందని 2013లో చట్టం చేసి, 2014లో వ్యక్తిగత నమోదును అమలులోకి తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ పాత ఇంటి ఫామ్‌ను తీసేయకుండా దాని మీద కొత్త వ్యక్తిగత దరఖాస్తును పెట్టడంతో ఒకే పనికి రెండు మెట్లు ఏర్పడ్డాయి. మొదటి మెట్టు ఎక్కినవారు పని అయిపోయిందనుకుంటారు. రెండు వారాలకు రెండో లేఖ వస్తే "మొన్ననే పంపాం కదా, వీళ్లకు లెక్కా పత్రం లేదా" అని తిట్టుకుని చెత్తబుట్టలో వేస్తారు. నిజానికి ఆ రెండో లేఖే అసలైనది. వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని, రుసుము ఏమీ లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాకపోతే ఆ మాట అక్కడే రాయవచ్చు, అప్పుడు పాస్‌పోర్టు వంటి ఆధారం అడుగుతారు.

మా స్నేహితుడికి జవాబు అక్కర్లేదని రాసి వచ్చింది, మాకు మాత్రం తప్పనిసరి అని. ఈ తేడా ఏమిటి?

2020 నుంచి విచారణకు ముందే జాబితాలోని పేర్లను ప్రభుత్వ రికార్డులతో సరిపోల్చి చూస్తున్నారు. ఇంట్లో అందరి వివరాలూ సరిపోతే కేవలం సమాచార లేఖ పంపుతారు, మార్పులుంటేనే జవాబు ఇవ్వాలి. సరిపోకపోతే తప్పనిసరిగా జవాబు కోరే ఫామ్ వస్తుంది. ఏడాదికో ఇల్లు మారే అద్దెవాళ్లకు, కొత్తగా వచ్చినవాళ్లకు, అంటే మనవాళ్లలో ఎక్కువమందికి, సహజంగానే రెండో రకం వస్తుంది. ఇది మన మీద ప్రత్యేకమైన అనుమానం కాదు.

నలుగురైదుగురం కలిసి ఉండే షేరింగ్ ఇల్లు మాది. జవాబు ఎవరు ఇవ్వాలి? ఎవరికి జరిమానా పడుతుంది?

ఇంట్లో ఉంటున్న పెద్దవారు ఎవరైనా ఒకరు జవాబిస్తే ఇంటి ఫామ్ పని అయిపోతుంది. చిక్కల్లా ఆ ఒకరు ఎవరన్నదే. లేఖ ఎవరి పేరు మీదా రాదు, "ఇంట్లో ఉంటున్నవారికి" అని వస్తుంది. ఎవరి పేరూ లేని కవరును ఎవరూ తెరవరు.

ఇందులో మా అనుభవం కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో ముగ్గురు తెలుగువాళ్లం, ఒక తమిళ మిత్రుడు కలిసి ఒక ఇంట్లో ఉండేవాళ్లం. తలుపు సందులోంచి పడిన ఉత్తరాలన్నీ మెట్ల కింద ఒక చెప్పుల పెట్టెలో చేరేవి: పిజ్జా కరపత్రాలు, మాకు ముందున్నవాళ్ల బ్యాంకు ఉత్తరాలు, టేక్‌అవే మెనూలు. అక్టోబర్ చివర ఒక వానసాయంత్రం మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టాబ్లెట్‌తో ఒక పెద్దావిడ తలుపు తట్టింది. మాలో ఒకడు తలుపు సగం తెరిచి "మేం స్టూడెంట్లం, మాకు ఓట్లు లేవు" అని చెప్పి మూసేశాడు. అది అబద్ధమని వాడికి తెలియదు, మాకూ తెలియదు. ఆ తరువాత చెప్పుల పెట్టె తిరగేస్తే అవే లేఖలు మూడు దొరికాయి, మూడింటి మీదా జరిమానా మాట ఉంది, ఒక దాని మీద కూర మరక కూడా ఉంది. ఆ రాత్రే లేఖలో ఉన్న రెండు భాగాల భద్రతా సంకేతం కొట్టి ఆన్‌లైన్‌లో జవాబిచ్చాం. మూడు నిమిషాలు పట్టింది. అప్పుడు కౌన్సిల్‌ను తిట్టుకున్నాం గాని, లేఖ తెరవని తప్పు మాదే.

అందుకని షేరింగ్ ఇళ్లవారికి నా సలహా ఒకటే. కరెంటు బిల్లుకు, కౌన్సిల్ ట్యాక్స్‌కు ఒకరిని పెట్టుకున్నట్టే దీనికీ ఒకరిని పెట్టుకోండి. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లు, స్కాట్లాండ్, వేల్స్‌లలో 14 ఏళ్లు నిండి, ఓటరుగా నమోదయ్యే అర్హత ఉన్న ప్రతి ఒక్కరి పేరూ జాతీయతా ఫామ్‌లో ఉండాలి. ఫామ్ వరకు బాధ్యత ఇంటిది, ఆ తరువాత దరఖాస్తు బాధ్యత మాత్రం ఎవరిది వారిదే. మీ గదిలో ఉండే మిత్రుడు నమోదు చేసుకోకపోతే ఆ 80 పౌండ్లు మీ మీద పడవు.

ఇంట్లో అందరూ ఓటు లేనివారే అయితే? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పేర్లు రాయాలా?

ఓటు హక్కు ఉన్నవారు ఎవరూ లేకపోయినా ఆ మాటే జవాబుగా పంపాలి. ఆన్‌లైన్‌లో దానికి వేరే గడి ఉంటుంది. మనవరాలిని చూడటానికి విజిటర్ వీసా మీద కొన్ని నెలలు వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ నివాసులు కారు, అతిథులు. వారి పేర్లు చేర్చకూడదు.

పేరు ఇస్తే వేరే చిక్కులు వస్తాయని భయం. కౌన్సిల్ ట్యాక్స్, జ్యూరీ, వీసా సంగతి ఏమిటి?

లేఖను కావాలనే దాచేవారి అసలు కారణం చాలాసార్లు ఇదే, కానీ పైకి చెప్పరు.

ఈ భయం బ్రిటన్‌కు కొత్త కాదు. స్కాట్లాండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో తలసరి పన్ను తెచ్చినప్పుడు, పన్ను తప్పించుకోవడానికి ఎంతోమంది ఓటరు జాబితాకు దూరమయ్యారు. ఆ పన్ను పోయి 1993లో ఇప్పటి కౌన్సిల్ ట్యాక్స్ వచ్చింది గాని, జాబితాలో పేరుంటే పన్నువాళ్లు పట్టుకుంటారన్న జ్ఞాపకం పోలేదు. అందులో ఇప్పటికీ కొంత నిజం ఉంది. ఒంటరిగా ఉంటున్నామని 25 శాతం తగ్గింపు తీసుకుంటున్న ఇంట్లో ఇద్దరు పెద్దల పేర్లు జాబితాలో కనిపిస్తే విచారణ రావచ్చు, ఈ రెండు రికార్డులనూ సరిపోల్చి చూస్తారు. తగ్గింపు న్యాయంగా తీసుకుంటున్నవారికి భయం లేదు. మిగతావారికి సమస్య ఓటరు జాబితా కాదు.

జ్యూరీ విషయానికి వస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లలో జాబితాలో ఉన్న 18 నుంచి 75 ఏళ్లవారిని, 13 ఏళ్ల వయసు తరువాత కనీసం ఐదేళ్లు ఈ దేశంలో ఉన్నవారైతే పిలవవచ్చు. భారత పౌరులనూ పిలవవచ్చు. పిలుపు వస్తే అది మరో తప్పనిసరి లేఖ.

వీసాకు నష్టం లేదు. చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడం వీసా నిబంధనల ఉల్లంఘన కాదు. పైగా లాభం ఒకటుంది. అప్పులిచ్చే సంస్థలు చిరునామాను సరిచూసుకోవడానికి ఈ జాబితానే వాడతాయి. కొత్తగా వచ్చి ఫోన్ కాంట్రాక్టు కోసమో క్రెడిట్ కార్డు కోసమో తిరస్కారాలు తింటున్నవారికి ఇది పనికొస్తుంది. గోప్యత కావాలనుకునేవారు మరో విషయం గమనించాలి. పూర్తి జాబితాతో పాటు, ఎవరైనా కొనుక్కోగల బహిరంగ జాబితా ఒకటుంది. అందులో పేరు వద్దని దరఖాస్తులోనే టిక్కు పెట్టవచ్చు. ఆ టిక్కు పెట్టడం మరవకండి. వేధింపులకు గురై ప్రాణభయంతో ఉన్నవారు అసలు పేరే కనపడకుండా అనామకంగా నమోదయ్యే వీలు కూడా ఉంది.

లేఖ నిజమైనదో మోసమో ఎలా తెలుస్తుంది?

నిజమైన లేఖ డబ్బు అడగదు, బ్యాంకు వివరాలు అడగదు. అనుమానం ఉంటే లేఖలోని నంబరుకు కాకుండా మీ కౌన్సిల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ఇక్కడ నమోదైతే ఇండియాలో పౌరసత్వానికో ఓటుకో ఇబ్బందా?

పౌరసత్వానికి లేదు. మరో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకుంటేనే భారత పౌరసత్వం పోతుంది, కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటు వేస్తే కాదు. చదువు, ఉద్యోగం వల్ల విదేశంలో ఉంటున్న భారత పౌరులు ఫామ్ 6ఎ ద్వారా తమ పాస్‌పోర్టు చిరునామా ఉన్న నియోజకవర్గంలో ప్రవాస ఓటరుగా నమోదు చేసుకునే వీలు 2011 నుంచి ఉంది. ఓటు వేయాలంటే మాత్రం స్వయంగా పోలింగ్ కేంద్రానికి వెళ్లాలి.

ఇక్కడి జరిమానాను తిట్టుకునేవారు అక్కడి పద్ధతిని ఒకసారి పోల్చి చూసుకోవాలి. భారత్‌లో నమోదు చేసుకోకపోతే జరిమానా లేదు. కానీ 2025లో బిహార్‌లో ఓటరు జాబితాకు ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు, ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పాత పేర్లు లేవు. చనిపోయినవారు, వలసపోయినవారు, రెండుచోట్ల పేర్లున్నవారు అని ఎన్నికల సంఘం చెప్పింది, అర్హులు కూడా పోయారని విమర్శకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ పలకకపోతే పేరు పోతుంది, ఇక్కడ పలకకపోతే పౌండ్లు పోతాయి. రెండింటిలో ఏది మెరుగని నన్ను అడిగితే, ఓటు పోవడం కన్నా జరిమానా హెచ్చరికే నయమంటాను.

ప్రభుత్వం దగ్గర మా వివరాలన్నీ ఉన్నాయి కదా. పేర్లు వాళ్లే చేర్చుకోవచ్చుగా?

ఈ ప్రశ్న అడిగేది మనవాళ్లే కాదు, ఇక్కడివాళ్లూ అడుగుతున్నారు. వీసా ఇచ్చింది వాళ్లే, జీతంలో పన్ను కోసేది వాళ్లే, ఆసుపత్రిలో పేరు రాసుకున్నది వాళ్లే. అయినా ఓటరు జాబితా దగ్గరికి వచ్చేసరికి కవరు పంపి జరిమానా గుర్తుచేస్తారు. ఇంతా చేస్తే, ఎన్నికల కమిషన్ అంచనా ప్రకారం 2022 డిసెంబర్ నాటికి గ్రేట్ బ్రిటన్ జాబితా 86 శాతమే పూర్తిగా ఉంది. అందులో లేనివారు ఎక్కువగా ఈమధ్యే ఇల్లు మారినవారు, ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉండేవారు. అంటే హెచ్చరిక ఎవరి కోసం రాశారో వారినే అది చేరడం లేదు, ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉండి బుద్ధిగా జవాబిచ్చే పెద్దలను మాత్రం కంగారు పెడుతోంది. పేర్లను చాలావరకు యంత్రాంగమే చేర్చే పద్ధతి వైపు వెళతామని 2025 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. అది మీ కౌన్సిల్‌లో అమలయ్యేదాకా లేఖకు జవాబు ఇవ్వక తప్పదు.

నమోదయ్యాం. ఓటు వేయడానికి ఏ గుర్తింపు పట్టుకెళ్లాలి?

పార్లమెంటు ఎన్నికల్లోనూ ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లోనూ ఫొటో గుర్తింపు చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, జిరాక్సు చెల్లదు. ఎన్నికకు 12 పని దినాల ముందే నమోదు గడువు ముగుస్తుంది కాబట్టి ఆఖరి వారంలో అడిగితే లాభం లేదు.

ఇల్లు ఖాళీ చేసి ఏడాదయింది. పాత ఇంటికి ఇంకా మా పేరు మీద లేఖలు వస్తున్నాయట. మాకేమైనా అవుతుందా?

కొత్త చిరునామాలో మళ్లీ దరఖాస్తు చేయండి. దరఖాస్తులో పాత చిరునామా అడుగుతారు, అది రాస్తే అక్కడి అధికారికి సమాచారం వెళ్లి పాత పేరు తీసేస్తారు. ఇల్లు మారిన ప్రతిసారీ ఇది కొత్తగా చేయాల్సిందే, జాబితాలోని పేరు మీ వెంట దానంతట అది రాదు. పాత ఇంట్లో ఇప్పుడున్నవారు మీకు తెలిసినవారైతే, వచ్చిన ఇంటి ఫామ్‌లో మీ పేరు కొట్టేసి పంపమని చెప్పండి. చెప్పుల పెట్టెలో మాత్రం వేయవద్దని కూడా చెప్పండి.